దూరస్థుల ధర్మం

వైద్యుడు రోగి ప్రక్కన కూర్చుండి, అతని చేయి తన చేతిలోకి తీసుకొని నాడి చూడడం అనాదిగా వైద్యవృత్తికి ప్రతీకగా నిలిచి ఉన్నది. ఆ చిత్రంలో రెండు చేతులే కనిపిస్తాయి. ఒకటి బాధపడేవానిది, రెండవది ఆ బాధకు పూచీ వహించేవానిది. ఆ రెండింటి నడుమ మూడవ చేతికి చోటు లేదు. నేటి వైద్యంలో మాత్రం ఆ మూడవ చేయి ప్రవేశించింది. అది కంటికి కనిపించదు. రోగి చెప్పిన బాధను ఏ పేరుతో వ్రాయవలెనో, ఏ ప్రశ్న ముందు అడగవలెనో, ఏ మందుకు ఏ హెచ్చరిక తోడు చేయవలెనో ముందుగానే ఆలోచించి, ఒక సాధనంగా కూర్చిపెట్టినవారి చేయి అది. వారు ఒక ఊరివారు కారు, ఒక దేశంవారైనా కారు. ఒకరు ఓస్లోలో, ఒకరు కేప్ టౌన్‌లో, ఒకరు తిరువనంతపురంలో కూర్చుండి, ఒకరి ముఖం ఒకరు ఏండ్ల తరబడి చూడకుండానే కలసి పనిచేసినవారు. ఆ రోగిని వారు చూచి ఉండరు, ఇకముందు చూడబోరు. అట్టివారిని వైద్యులనవచ్చునా? అనరాదంటే, ఆ సాధనం చెప్పిన మాట తప్పి ఒక ప్రాణానికి హాని జరిగినప్పుడు అది ఎవరి తప్పు? అనవచ్చునంటే, చూడని రోగి పట్ల వారికి ఎట్టి ధర్మం ఉన్నది?

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయదలచినవారు కమ్మరిని సాక్ష్యానికి పిలుస్తారు. శస్త్రవైద్యుని కత్తిని చేసినవాడు కమ్మరి. కత్తి పదును చూడడం వరకే అతని ధర్మం. దానిని ఎక్కడ, ఎంత లోతుగా దించవలెననేది వైద్యుని విచక్షణ. ఈ వాదం కత్తి విషయంలో చెల్లుతుంది. సమాచార సాధనం విషయంలో చెల్లదు. కత్తి తనంతట తాను ఏమీ అడగదు, ఏమీ చెప్పదు. సమాచార సాధనం అడుగుతుంది. అడగనిదానిని లేనిదానిగా జమకడుతుంది. చెప్పినదానిని తనకు తెలిసిన పేర్లలోకి మార్చి వ్రాసుకుంటుంది. రోగికీ వైద్యునికీ నడుమ సాగే సంభాషణలో అది ఒక పాత్ర. సంభాషణలో పాలుపంచుకొనేవానికి సంభాషణ ధర్మం తప్పదు.

ఆ ధర్మం గురించి ఈ దేశంలో ఆలోచన పురాతనమైనది. చరక సంహిత విమానస్థానంలో వైద్యులు వైద్యులతో జరిపే చర్చకు 'తద్విద్య సంభాష' అని పేరు. దానివలన జ్ఞానం పెరుగుతుంది, సంశయం తొలగుతుంది. గురువు ఏకాంతంలో ఒకే శిష్యునికి చెప్పిన రహస్యం సైతం వాదపుటావేశంలో బయటపడి పదిమందికీ దక్కుతుందని కూడా ఆ గ్రంథకర్త గ్రహించాడు. స్నేహభావంతో సాగేది సంధాయ సంభాష. గెలుపు కొరకు సాగేది విగృహ్య సంభాష. అదే గ్రంథంలో చైత్రరథ వనంలో మునులు సమావేశమై రసాలు ఎన్ని అనే విషయాన్ని గురించి తలకొక మాట చెప్పి వాదించిన వృత్తాంతమున్నది. ఆ సభలో ఉన్నవారందరూ ఒకరినొకరు చూస్తూ మాట్లాడినవారు. సభ ముగిసిన తరువాత ఎవరి ఆశ్రమానికి వారు వెళ్లి రోగుల ముందు కూర్చున్నవారు. సభకూ రోగికీ మధ్య దూరం ఒక్క నడక మాత్రమే.

నేటి స్థితిలో రెండు దూరాలు ఉన్నవి. పనిచేసే శాస్త్రజ్ఞులకు పరస్పరం ఉన్న దూరం ఒకటి. వారికీ, వారి సాధనం ఎవరి దేహం మీద ప్రయోగింపబడుతుందో ఆ మనిషికీ ఉన్న దూరం మరొకటి. మొదటి దూరాన్ని విజ్ఞానం జయించింది. ఆ విజయపు సందడిలో రెండవది కూడా జయింపబడినట్లే చాలమంది భావిస్తున్నారు. ఈ భ్రాంతి నుండియే ప్రస్తుత ప్రశ్నలోని చిక్కులన్నీ పుట్టుకొస్తున్నవి. అందుచేత మొదటి దూరం ఎట్లు జయింపబడిందో ముందుగా చూడవలసి ఉన్నది.

1973 చివరలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థల ధనసహాయంతో కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 'సుమెక్స్-ఎయిమ్' అనే ఒక ఏర్పాటు ఆరంభమైంది. దానికి మూలపురుషుడు జాషువా లెడర్‌బర్గ్. సూక్ష్మజీవుల జన్యుశాస్త్రంలో చేసిన కృషికి 1958లో నోబెల్ బహుమానం పొందినవాడు. ఆనాడు కంప్యూటర్ అంటే ఒక గది నిండిన యంత్రం. దానిని కొనగలిగిన సంస్థలు స్వల్పం. లెడర్‌బర్గ్, అతని సహచరులు ఒక్క యంత్రాన్ని నెలకొల్పి, ఆర్పానెట్, టైమ్‌నెట్ అనే తంత్రీ వ్యవస్థల ద్వారా దూరప్రాంతాల పరిశోధకులు తమ చోట్లనుండియే దానిపై పనిచేసే వీలు కల్పించారు. వైద్యవిషయాలలో తర్కం చేయగల కార్యక్రమాలను రూపొందించడం వారి సంకల్పం. పిట్స్‌బర్గ్‌లో జాక్ మయర్స్ బృందం ఆంతరిక వ్యాధుల నిర్ణయానికి 'ఇంటర్నిస్ట్' అనే సాధనాన్ని పెంచుతూ వచ్చింది. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంవారు కంటి నీటికాసుల వ్యాధిని గురించిన సాధనాన్ని వేరు వేరు నగరాలలోని నేత్రవైద్యులతో కలసి దిద్దుకున్నారు. స్టాన్‌ఫర్డ్‌లోనే ఎడ్వర్డ్ షార్ట్‌లిఫ్ మొదలైనవారు రక్తంలో చేరిన క్రిములకూ, మెదడుపొరల వాపునకూ తగిన ఔషధాన్ని సూచించే 'మైసిన్'ను నిర్మించారు.

ఆ ఏర్పాటులోని ఒక నియమం గమనింపదగినది. యంత్రం స్టాన్‌ఫర్డ్‌వారి ఆవరణలోనే ఉన్నా, యంత్రకాలంలో తమకు ఎంత భాగం ఉంచుకున్నారో బయటి పరిశోధకులకూ అంతే భాగం కేటాయించారు. ఇల్లు ఎవరిదైనా పంక్తిలో వడ్డన సమానమనే ఈ నియమం పైకి పాలనా విషయంగా తోచినా, లోతున నీతి విషయం. సంధాయ సంభాష సమానుల మధ్యనే సాధ్యం. యజమాని దయమీద మాట్లాడేవాడు యజమానిని కాదనలేడు. 1978లో లెడర్‌బర్గ్ ఈ అనుభవాన్ని ఒక వ్యాసంలో విచారించి, తంత్రుల ద్వారా వ్రాతపూర్వకంగా సాగే శాస్త్రచర్చను ఒక నూతన అక్షరాస్యతగా అభివర్ణించాడు. అట్టి లేఖకు 'యూగ్రామ్' అని పేరు కూడా పెట్టాడు. ఆ పేరు నిలువలేదు. నేడు లోకం ఈ-మెయిల్ అంటున్నది. ఆ వ్యాసంలోని ఆలోచన మాత్రం నిలిచింది. ఎదుట కూర్చున్నప్పుడు కంఠబలం, పదవి, వయస్సు కొంత వాదాన్ని గెలిపిస్తాయి. వ్రాసి పంపినప్పుడు మాట తన కాళ్లమీద తాను నిలువవలెను.

ఆనాటి సాధనాలకు మరొక సద్గుణం ఉండేది. మైసిన్ ఒక ప్రశ్న అడిగినప్పుడు, ఎందుకు అడుగుతున్నావని వైద్యుడు తిరిగి అడగవచ్చును. తాను ఏ నియమం ఆధారంగా అడుగుతున్నదో అది చెప్పేది. కారణం చెప్పగలగడం కేవలం చమత్కారం కాదు. కారణం చెప్పినవాడు తనను కాదనే అధికారాన్ని ఎదుటివానికి ఇస్తున్నాడు. కారణం చెప్పని సాధనం ఎంత నిజం చెప్పినా ఆజ్ఞాపిస్తున్నదే కాని సంభాషించడం లేదు. ఆ తరువాతి తరాలలో సాధనాల శక్తి ఎన్నో రెట్లు పెరిగినా, ఈ ఒక్క విషయంలో వాటిలో అనేకం ఆ పాత సాధనం కంటె వెనుకబడి ఉన్నవి.

తమ తప్పులను తూచుకొనడంలో కూడా వారు వెనుదీయలేదు. 1979లో మైసిన్‌ను పరీక్షకు పెట్టారు. మెదడుపొరల వాపుతో బాధపడిన 10 మంది రోగుల వృత్తాంతాలు తీసుకొని, వాటిపై యంత్రం చేసిన సూచనలనూ, అధ్యాపకులు మొదలు విద్యార్థి వరకు పలువురు చేసిన సూచనలనూ కలిపివేసి, ఏది ఎవరిదో తెలియనీయకుండా వేరు చోట్ల ఉన్న 8 మంది నిపుణులకు పంపారు. యంత్రం సూచనలకు 65 శాతం ఆమోదం లభించింది. అధ్యాపకులలో ఎవరికీ అంతకు మించి రాలేదు. అయినా మైసిన్ నిత్యచికిత్సలో వాడుకకు రాలేదు. 1982లో ఇంటర్నిస్ట్ ఫలితాలు ప్రకటితమైనవి. 19 మంది రోగుల వృత్తాంతాలలో గుర్తింపవలసిన వ్యాధులు 43 ఉండగా ఆ సాధనం 18 గుర్తింపలేకపోయింది. ఆసుపత్రి వైద్యులు 15, చర్చకు నియమితులైన పండితులు 8 గుర్తింపలేకపోయారు. ఈ అంకెలను లోకానికి చెప్పినవారు ఆ సాధనం నిర్మాతలే. ఉన్న స్థితిలో ఇది చికిత్సకు నమ్మదగినంతటిది కాదని కూడా వారే వ్రాశారు. దశాబ్దకాలం చెమటోడ్చి పెంచిన చెట్టు ఫలం ఇంకా పండలేదని స్వయంగా చాటడానికి ధైర్యం కావలెను. దూరస్థుని మొదటి ధర్మం ఈ సత్యనిష్ఠయే. ఎదుటనున్న వైద్యుని తొట్రుపాటును రోగి కండ్లారా చూడగలడు. దూరస్థుని తొట్రుపాటు అతడు చెప్పితేనే తెలుస్తుంది.

ఇంతవరకు మొదటి దూరం మాట. రెండవ దూరం గురించి విచారించడానికి విశ్వవిద్యాలయాల నుండి పల్లెకు రావలసి ఉంటుంది.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన 1994లో అంతమైనప్పుడు, జాతికొక ఆరోగ్యశాఖగా చీలిపోయిన వ్యవస్థను ఏకం చేయవలసి వచ్చింది. కేప్ టౌన్‌లో అక్కడి పండితులు, ఓస్లో విశ్వవిద్యాలయంవారు కలసి జిల్లా ఆరోగ్య సమాచారానికి ఒక సాధనం నిర్మించారు. ఆ కృషి ఖండాలు దాటి వ్యాపించింది. భారతదేశంలో దాని తొలి అడుగు 2000 ప్రాంతంలో చిత్తూరు జిల్లా కుప్పంలో పడింది. దాని రెండవ రూపం, ఓస్లోలోనూ, వియత్నాంలోనూ, భారతదేశంలోనూ ఉన్న యువకులు దూరం నుండి కలసి అల్లినది, మొట్టమొదట 2006లో కేరళలో వాడుకకు వచ్చింది. నేడు అనేక దేశాల ప్రభుత్వాలు దానిపై ఆధారపడుతున్నవి.

ఇట్టి సాధనానికి సమాచారం ఎక్కడనుండి వస్తుంది? ఉపకేంద్రంలోని ఏ.ఎన్.ఎం. నుండి. ఆమె చంకన సంచి, సంచిలో రిజిస్టర్లు. గర్భిణుల రిజిస్టరు వేరు, టీకాల రిజిస్టరు వేరు, జననమరణాల రిజిస్టరు వేరు. ఒకే స్త్రీ పేరు ఇన్ని చోట్ల వ్రాసి, నెలాఖరున వాటినన్నిటినీ కూడి పై కార్యాలయానికి పంపవలెను. దూరాన ఉన్న శాస్త్రజ్ఞునికి మరొక గడి చేర్చడం క్షణంలో పని. ఆ గడిని వేలాది గ్రామాలలో ప్రతి నెలా నింపవలసినది ఆమె. ఆమె గడి నింపే సమయం ఎవరో ఒక బాలింతను చూడవలసిన సమయం. కనుక అనవసరమైన ప్రశ్న అడగడం కేవలం అవివేకం కాదు. అది ఒకరి సొత్తును మరొకరు అడగకుండా తీసుకొనడం వంటిది. కేప్ టౌన్‌లో ఆరంభించినవారు ఈ సంగతి గ్రహించి, అత్యవసరమైన కొద్ది అంశాలనే అడగవలెనని ఒక సూత్రం ఏర్పరచుకున్నారు. ఎన్ని అడిగితే అంత జ్ఞానమనే పేరాసకు అడ్డుకట్ట వేసిన ఆ సూత్రంలో, అపరిగ్రహమనే పాతమాటకు కొత్త అర్థం కనిపిస్తుంది.

భారం ఒక్కటే కాదు, భాష కూడా ఉన్నది. తెలుగుపల్లెలో ఒక స్త్రీ వచ్చి తనకు వేడి చేసిందంటుంది, కాళ్లు లాగుతున్నవంటుంది, గుండె దడగా ఉన్నదంటుంది. వేడి చేయడానికి అంతర్జాతీయ వ్యాధుల పట్టికలో గడి లేదు. దానిని జ్వరమని వ్రాస్తే అబద్ధం; మూత్రపు మంట అని వ్రాస్తే ఊహ; 'ఇతరములు' అని వ్రాస్తే ఆమె చెప్పినదంతా ఆ ఒక్క మాటలో మునిగిపోతుంది. వయస్సు సంగతి అంతే. ఫలానా తుఫాను నాటికి చంకబిడ్డననో, పెద్దకొడుకు పుట్టిన కరవు నాటికి ఇంత అనో చెప్పే ముసలమ్మను సాధనం పుట్టినతేదీ అడుగుతుంది. తేదీ లేనిదే ముందుకు సాగనీయదు. అప్పుడు ఆ ఉద్యోగిని ఏదో ఒక సంవత్సరం, ఏదో ఒక జనవరి 1 వేసి సాగుతుంది. ఇక్కడ అబద్ధమాడినది ఎవరు? వ్రాసిన చేయి ఆమెదే అయినా, నిజం చెప్పడానికి చోటు ఉంచనివారిది అసలు దోషం. తెలియదనే సమాధానాన్ని అంగీకరించని ప్రశ్న అసత్యాన్ని కోరే ప్రశ్న.

ఇంతకంటె గంభీరమైన ఉదాహరణ ఒకటి ఉన్నది. తొలికాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి వెళ్లడం ఈ దేశంలో అనేక ప్రాంతాల ఆచారం. ఆమె గర్భిణిగా మెట్టినూరి రిజిస్టరులో చేరుతుంది. ఏడవ నెలలోనో తొమ్మిదవ నెలలోనో తల్లి వచ్చి తీసుకొని వెళుతుంది. ప్రసవం మరొక ఊరిలో, ఒక్కొక్కప్పుడు మరొక రాష్ట్రంలో జరుగుతుంది. ఒక స్త్రీ ఒకే ఊరిలో గర్భం దాల్చి అక్కడే కంటుందనే ఊహతో కూర్చిన సాధనం ఏమి చూస్తుంది? మొదటి ఊరిలో ఒక గర్భిణి అదృశ్యమైంది. రెండవ ఊరిలో పూర్వచరిత్ర లేని ఒక బాలింత పుట్టుకొచ్చింది. మొదటి ఊరి ఏ.ఎన్.ఎం. అశ్రద్ధ చేసినట్లు పై అధికారికి లెక్క కనిపిస్తుంది. రెండవ ఊరిలో ఆ స్త్రీకి రక్తహీనత ఉన్నదనీ, లోగడ రక్తపోటు పెరిగిందనీ చెప్పే కాగితం కాన్పు మంచం దగ్గర ఉండదు. శాస్త్రజ్ఞులలో ఏ ఒక్కరికీ దురుద్దేశం లేదు. ఒక ఇంటి పద్ధతి తెలియకపోవడం మాత్రమే జరిగింది. ఆ తెలియకపోవడానికి ఒక నిరపరాధినికి మాటపడవలసి వచ్చింది, ఒక బాలింతకు ప్రాణం మీదికి రావచ్చును. అజ్ఞానం క్షమింపదగినదే, కాని అడిగితే తెలిసేదానిని అడగకపోవడం అజ్ఞానం కాదు.

ఊరి మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదని తెలుగులో ఒక సామెత. లెక్క వ్రాసేవాని చేతిలో ఉన్న బలాన్ని పల్లె ఏనాడో కనిపెట్టింది. నేటి లెక్కలో వ్రాసేది ఏ.ఎన్.ఎం. అయినా, కరణం ఆమె కాదు. ఏ గడులుండవలెనో నిర్ణయించినవారు. వారిమీద కాసు పడడం లేదు. పైగా వారు ఒక్కరు కాదు, వందలమంది. ఒకడు పదజాలం కూర్చినాడు, ఒకడు తర్కం అల్లినాడు, ఒకడు పరీక్షించినాడు, వేరొకడు ఒక దేశానికి అనువుగా మార్చినాడు. తప్పు బయటపడినప్పుడు ప్రతివాడూ తన భాగం సరిగానే ఉన్నదని నిరూపింపగలడు. అది నిజం కూడా కావచ్చును. పదిమంది చేతిలో పడ్డ పాము చావదన్నట్లు, పదిమంది పంచుకున్న బాధ్యత ఎవరికీ బరువు కాదు. దూరసహకారంలోని అతి పెద్ద నైతిక ప్రమాదం ఇదియే. జ్ఞానాన్ని పంచుకుంటే పెరుగుతుంది. బాధ్యతను పంచుకుంటే తరిగిపోతుంది. కనుక జ్ఞానం విషయంలో చెల్లిన భాగస్వామ్యనీతి బాధ్యత విషయంలో చెల్లదు. అక్కడ ప్రతివాడూ తన వంతును కాక మొత్తాన్ని తనదిగా భావింపవలెను.

అట్లయితే దూరమే దోషమా? సాధనం కల్పించేవాడు ప్రతి పల్లెలోనూ కాపురముండవలెనా? అది సాధ్యం కాదు, అవసరం కూడా కాదు. దూరానికి తనదైన గుణం ఒకటి ఉన్నది. మైసిన్‌ను పరీక్షించిన 8 మందికి సూచన ఎవరిదో తెలియదు గనుకనే వారి తీర్పు నిష్పక్షమైనది. సామీప్యం కరుణను ఇస్తుంది, మోహాన్నీ ఇస్తుంది. భారతకథలో ధృతరాష్ట్రునికి కొడుకులు అతిసమీపులు. ఆ సామీప్యమే అతనికి రెండవ అంధత్వమైంది. రణరంగంలో జరిగినదంతా దివ్యదృష్టితో చూచి చెప్పిన సంజయుడు ఏ పక్షానికీ లోబడని మాట చెప్పగలిగాడు. కాని ఆ కథలోనే మరొక సత్యం దాగి ఉన్నది. సంజయుని ద్వారా యుద్ధవార్త రాజమందిరానికి వచ్చింది. రాజమందిరం నుండి యుద్ధాన్ని ఆపగలిగే ఒక్క మాట రణరంగానికి తిరిగి వెళ్లలేదు. వార్త ఒక వైపే నడిచింది. పల్లె నుండి అంకెలు రాజధానులకు, అక్కడ నుండి దూరదేశపు విశ్వవిద్యాలయాలకు ప్రవహించి, తిరిగి పల్లెకు ఏమీ రానప్పుడు నేటి సాధనం స్థితి కూడా అదే. దోషం దూరంలో లేదు; ఏకముఖమైన దారిలో ఉన్నది.

తిరుగుదారి సాధ్యమని చూపిన ఉదాహరణలు లేకపోలేదు. 2004లో అమెరికాలోని ఇండియానాపొలిస్ నగరంలో ఉన్న రీగన్‌స్ట్రీఫ్ సంస్థవారు, పశ్చిమ కెన్యాలోని ఎల్డొరెట్‌లో హెచ్.ఐ.వి. రోగుల చికిత్సకు తోడ్పడుతూ, పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ అనే సంస్థతో చేయి కలిపి 'ఓపెన్ ఎం.ఆర్.ఎస్.' అనే రోగవృత్తాంత సాధనాన్ని ఆరంభించారు. 2006లో ఎల్డొరెట్‌లో, తరువాత రువాండాలో అది వాడుకకు వచ్చింది. దానిలో వైద్యపదాలు యంత్రపు ఎముకలలో బిగింపబడలేదు. అవి ఒక నిఘంటువుగా విడిగా ఉంటాయి. ఆ చోటివారు తమకు కావలసిన ప్రశ్నను, తమకు తెలిసిన మాటను, నిర్మాతల అనుమతి కొరకు ఎదురుచూడకుండా చేర్చుకొనవచ్చును. సాధనం లోగుట్టు కూడా ఎవరైనా చదివి, మార్చి, ఇతరులకు ఇచ్చుకొనే హక్కుతో విడుదల చేశారు. కెన్యా, రువాండా, దక్షిణాఫ్రికా యువకులు మొదట వాడుకదారులుగా వచ్చి, తరువాత నిర్మాతలయ్యారు.

ఆ దారి ఛత్తీస్‌గఢ్‌కు కూడా వచ్చింది. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో చదివిన కొందరు వైద్యులు నగరజీవనం వదలి, బిలాస్‌పూర్ సమీపాన గనియారీలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థను స్థాపించి అడవిపల్లెల ప్రజలకు చికిత్స చేస్తూ వచ్చారు. ఆ ఆసుపత్రి అవసరాల నుండి, ఓపెన్ ఎం.ఆర్.ఎస్. పునాదిగా, ఒక కొత్త సాధనం పుట్టింది. దానికి 'బహ్మనీ' అని పేరు. ఆ ప్రాంతంలోని ఒక పల్లె పేరు అది. నేడు అది అనేక దేశాల ఆసుపత్రులలో వాడుకలో ఉన్నది. కేంబ్రిడ్జి, ఓస్లో పేర్లు పల్లెలకు తెలియడం లోకసహజం. ఒక అడవిపల్లె పేరు దూరదేశపు వైద్యుని బల్లమీద నిలవడం అపూర్వం. ఆ వైద్యునికి ఆ పల్లె ఎక్కడున్నదో తెలియకపోవచ్చును. అయినా ఆ పల్లె రోగులకు చికిత్స చేసిన వైద్యులు అడిగిన ప్రశ్నలే అతని ఎదుట ఉన్నవి.

ఇన్ని చెప్పినా ఒక సంశయం మిగులుతుంది. తెరచి ఉంచిన సాధనమైనా, దానిలో చేరినది మనుష్యుల రహస్యమే. ఎల్డొరెట్‌లో గాని, తెలుగుదేశంలో గాని, ఫలానావారికి ఫలానా వ్యాధి ఉన్నదనే వార్త బయటకు పొక్కితే ఒక సంసారం కూలిపోతుంది. సాధనం లోగుట్టు అందరిదీ కావలెను. రోగి గుట్టు రోగిదే కావలెను. ఈ రెండింటినీ కలగలిపి, విజ్ఞానాభివృద్ధి పేరిట రెండవదానిని కూడా ఉమ్మడి సొత్తు చేయడం కంచే చేను మేయడమవుతుంది. రోగి తన బాధను వైద్యునికి చెప్పుకున్నది చికిత్స కొరకు. దానిని వేరు పనికి వాడదలచినవాడు మరల వచ్చి ఆ గడప ముందు నిలబడి అడగవలెను.

హిందీలో 'హమ్‌దర్ద్' అనే మాట ఒకటి ఉన్నది. తోటివాని నొప్పిని తనదిగా పంచుకొనేవాడని దాని అర్థం. తెలుగులో వాడుకలో ఉన్న 'సానుభూతి' లోతున చెప్పేదీ అదే. కాని ఈ మాటలు పుట్టిన లోకంలో నొప్పిపడేవాడు కంటి ఎదుటనే మూలుగుతూ ఉండేవాడు. వేల క్రోసుల ఆవల, అంకెగా మాత్రమే తెలిసిన మనిషి నొప్పిని పంచుకున్నానని ఎవరైనా అంటే ఆ మాట నమ్మదగినది కాదు. అనుకొనడం కూడా ఆత్మవంచన కావచ్చును. దూరస్థుని నుండి లోకం కోరదగినది కన్నీరు కాదు. తీగమీద కన్నీరు ప్రయాణం చేయదు, జవాబు చేస్తుంది. ఎందుకు అడిగితివి అన్నదానికి కారణం చెప్పడం, అవసరమైనంతే అడగడం, తెలియదనే మాటకు చోటు ఉంచడం, తన సాధనం తప్పినచోట తానే ముందుగా చాటడం, పల్లె నుండి వచ్చిన అభ్యంతరాన్ని పండితుని అభ్యంతరంతో సమానంగా పంక్తిలో కూర్చోబెట్టడం, వీటికి రోగిని చూడవలసిన పనిలేదు. రోగి ఉన్నాడని మరవకుంటే చాలును.

చైత్రరథ వనంలోని సభ ముగిసిన తరువాత మునులు రోగుల దగ్గరకు నడచి వెళ్లారు. నేటి సభ ముగియదు. దానిలోని సభ్యులు లేచి వెళ్లవలసిన రోగి గడప ఏదో వారికి తెలియదు. అందుచేత గడపనే సభలోకి తీసుకొని రావలసి ఉన్నది. పుట్టింటికి ప్రయాణమైన కూతురు చేతిలో తన వృత్తాంతం తనతో ఉండేటట్లు, ఆ ఊరి కాన్పు మంచం దగ్గర దానిని చదివేవారికి అది అర్థమయ్యేటట్లు సాధనాన్ని దిద్దినప్పుడు, దానిని దిద్దినవారు ఓస్లోలో ఉన్నా, తిరువనంతపురంలో ఉన్నా, ఆ రాత్రి ఆ ఇంటికి వచ్చినవారే అవుతారు. ఆ తల్లి వారి పేరు అడగదు. అడగకపోయినా చెప్పుకొనగలిగినట్లు పనిచేయడమే దూరస్థుల ధర్మం.